పసుపొల్లనమ్మ

వంకమద్ది గుట్టకు వచ్చిన యాత్రికులు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. ఏ ఊరి అమ్మవారైనా పసుపుతో మెరిసిపోతుండగా, ఈ తల్లి మాత్రం ఉత్త నల్లరాయిగా ఎందుకు నిలిచింది? ఒంటినిండా ఆ గోళ్ళగీతలేమిటి? పూజారి ఉదయాన పూసిన పసుపు పొద్దెక్కేసరికి ఇక్కడ మిగలదు.

పూర్వం ఇక్కడ ఇంటింటా పట్టుపురుగులు పెంచేవారు. పసుపునీళ్ళతో చేతులు కడుక్కోనిదే మల్బరీ ఆకు ముట్టేవారు కాదు. ఒక ఏడు వాన వదలక కురిసి, పురుగులకు కుళ్ళురోగం తగిలింది. మెత్తబడి, నల్లబడి, కంపుకొట్టి చచ్చేవి. అమ్మవారు అలిగిందని ఊరిపెద్ద మల్లప్ప తేల్చేశాడు. ఇళ్ళలో చిటికెడు పసుపైనా ఉండరాదనీ, అంతా గుడికే చేరాలనీ శాసించాడు. దేవతకు పూత మందమయ్యేకొద్దీ పురుగుల తట్టల్లో చావులు పెరిగాయి. చావులు పెరిగేకొద్దీ ఆయన ఇంకా తెమ్మన్నాడు. తెలివి తెల్లారినట్టే ఉంది!

హనుమక్క అనే వితంతువుకు ఆ పురుగులే పిల్లలు. అవి కట్టే పట్టుగూళ్ళతోనే ఆమెకు ఏడాది గడవాలి. తట్టలన్నీ పోయి రెండే మిగిలాయి. వాటిలోనూ కొన్ని ఆకు మానేశాయి. ఆమెకు కడుపు మండిపోయింది. పూజ జరుగుతుండగానే గుళ్ళోకి దూసుకుపోయింది.

“నీకెందుకే ఇంత పసుపు? నీకేమన్నా రోగమొచ్చిందా? ఆడ నా పిల్లలు కుళ్ళి చస్తాండారు! ఇట్లియ్యి!”

గోళ్ళతో గీకి కొంగున మూటగట్టుకుంది. ఇంటికి పోయి, నల్లబడ్డ పురుగులను ఏరి దూరంగా పూడ్చింది. తట్టలూ చేతులూ పసుపునీళ్ళతో కడిగింది. మళ్ళీ కలిపిన పసుపునీళ్ళు ఆకుమీద చిలకరించి, ఆరబెట్టి మేపింది. జబ్బుపడ్డవి దక్కలేదు గానీ తక్కినవాటికి రోగం అంటలేదు.

అమ్మవారిని గీకిన పాపిష్ఠిదాన్ని ఊరు దాటిస్తానని మల్లప్ప పట్టుబట్టాడు. ఆ మధ్యాహ్నం కునుకులో ఆయనకు తల్లి కనబడింది. ఆమె కోపం హనుమక్క కోపాన్ని మించింది.

“పసుపు నేనడిగితినా? బిడ్డల మందు లాక్కొచ్చి నా ఒంటికి పూస్తివి గదరా! హనుమక్కను ఎళ్ళగొడితే ఆ యమ్మెంటే నేనూ పోతా. ఉత్త రాతికి పూసుకుంటా కూచో!”

మల్లప్ప ఉలిక్కిపడి లేచాడు. తన చేతులతోనే పసుపు గీకి ఇంటింటికీ పంచాడు. చివరగా హనుమక్క గడప తొక్కబోతే ఆమె అడ్డంగా నిలబడింది.

“చేతులు కడుక్కొని లోపలికి రా, పెద్దయ్యా” అంది. ఆయన కడుక్కున్నాడు.

నేటికీ పట్టురైతులు పురుగులు తెచ్చుకునే ముందు ఈ గుట్ట ఎక్కుతారు. “నీకెందుకే తల్లీ, నా పిల్లలకియ్యి!” అని గట్టిగా తిట్టి, గీకిన పసుపు కొంగున కట్టుకుపోతారు. నోరు రాని కొత్తకోడళ్ళకు పూజారే తిట్టు నేర్పుతాడు. ఆ పసుపునీళ్ళతో చేతులు కడిగి ఆకు ముట్టినవారింట గూళ్ళు గట్టిగా వస్తాయని నమ్మకం. భక్తులు సంకోచించనక్కరలేదు. మీ పిల్లల కోసం ఆ తల్లి రోజూ ఒళ్ళు అప్పగించి నిలబడే ఉంది.