ఉద్దండ భూపాలుడి బిరుదు కుక్కలు

కుక్కలకు పల్లకీలూ మనుషులకు కాలినడకా రాసిపెట్టి ఉన్న ఒకానొక రాజ్యాన్ని ఉద్దండ భూపాలుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు యుద్ధం చేతకాదు, పాలన పట్టదు. ఉన్న కాస్త తెలివీ కుక్కల జాతుల మీదే ఖర్చు చేసేవాడు.

ఆ తెలివికి తోడుగా గిరిభట్టు అనే శునకశాస్త్ర పండితుడు ఆస్థానంలో చేరాడు. కుక్క మూతి కొలిచి జాతి చెప్పడం, ఆపైన దానికో బిరుదు తగిలించడం ఆయన పని. ఏ జాతి తక్కువ మొరుగుతుంది, దేనికి వెంట్రుకలు తక్కువ రాలతాయి, ఫలానాదానికి ఆ ముద్దుపేరు ఎలా వచ్చింది అని జనం అడిగితే నోటికొచ్చింది చెప్పేవాడు. రాజు తల ఊపేవాడు. ఎలుకను చూసి మంచం కింద దూరే కుక్క పేరు సమరసింహం. గడప దాటడానికి ఆయాసపడేదాని పేరు వాయువేగం. వందిమాగధుడు రాగం తీసి బిరుదంతా చదివితే గాని వాటికి నేతి అన్నం వడ్డించకూడదని రాజాజ్ఞ. పేదవాడి పిల్లలకు గంజి ఉందో లేదో అడిగే ఆజ్ఞ మాత్రం ఒక్కటీ లేదు.

ఒకనాడు ఆ సమరసింహం కోట బయట మేస్తున్న గొర్రెపిల్లల మీద పడింది. గొర్రెలు కాచుకునే బీరమ్మకు బొల్లి అనే కుక్క ఉంది. అది సమరసింహాన్ని కోటగుమ్మం దాకా తరిమికొట్టింది.

బిరుదున్న కుక్కను బిరుదులేని కుక్క అవమానించిందని బీరమ్మనూ బొల్లినీ సభకు ఈడ్చుకొచ్చారు. బొల్లిని చంపాల్సిందేనని గిరిభట్టు తేల్చేశాడు.

"జాతికుక్క తన బిరుదు తానెరుగును ప్రభూ. ఈ ఊరకుక్క ఏమెరుగును?" అన్నాడు.

"అది లేకుంటే తోడేళ్లు నా మందను మిగలనీయవు దొరా. దాన్ని చంపితే నన్నూ చంపినట్టే," అంది బీరమ్మ. రాజు ఆవులించాడు.

అప్పుడు తిప్పన అనే సభికుడు లేచాడు. నోరు తప్ప వేరే ఆస్తి లేని మనిషి కాబట్టి అతనికి రాజంటే పెద్ద భయం లేదు. భట్టుగారి మాట నిజమో కాదో ఇక్కడే పరీక్షిద్దామనీ, దొరవారి కుక్కలు తమ బిరుదులు ఎరిగి ఉంటే బొల్లిని చంపమనీ, లేకుంటే వదిలేయమనీ అడిగాడు. రాజు మీసం దువ్వి సరేనన్నాడు.

వందిమాగధుడు సమరసింహం బిరుదు ఎత్తుకున్నాడు. సింహాసనం కింద పరుపుల మీద పడుకున్న కుక్కలన్నీ లేచి వచ్చేశాయి. అది బంధుప్రీతి అని గిరిభట్టు సర్దిచెప్పాడు. రాజు తల ఊపాడు.

తిప్పన వందిమాగధుడి చెవిలో ఏదో చెప్పాడు. అతను జంకుతూనే అదే రాగంలో అందుకున్నాడు. "శ్రీమన్మహారాజాధిరాజ, అరివీర భయంకర, ఉద్దండ భూపాల..."

కుక్కలన్నీ చొంగ కారుస్తూ, తోకలు ఊపుతూ సింహాసనం ముందు బారులు తీరాయి. వాయువేగం ఆయాసపడుతూనే రాజుగారి ఒళ్లోకెక్కింది. సభికులు ఉత్తరీయాలు నోట్లో కుక్కుకున్నారు.

"భట్టుగారూ, శాస్త్రం చెప్పండి. ఈ బిరుదులు ప్రభువులవా, కుక్కలవా?" అన్నాడు తిప్పన.

కుక్కలవంటే తల పోతుంది. ప్రభువులవంటే పాండిత్యం పోతుంది. గిరిభట్టు తలనే ఉంచుకోదలిచాడు.

"అవి బిరుదు కోసం రావు. ఆ తరవాత పెట్టే కూడు కోసం వస్తాయి," అని గొణిగాడు.

తిప్పన సైగ చేస్తే భటులు బొల్లి మెడకున్న తాడు విప్పారు. "బొల్లీ, ఇట్టా రాయే," అని బీరమ్మ పిలిచింది. ఆమె చేతిలో మెతుకు లేదు. అయినా బొల్లి వచ్చి ఆమె కాళ్ల దగ్గర నిలబడింది. బిరుదు కుక్కలు అటు తలైనా తిప్పలేదు.

రాజు ముఖం కందగడ్డలా అయింది. "అయితే నా బిరుదులు వినడానికి లేచేది ఈ కుక్కలేనా?"

"మేమూ లేస్తాం ప్రభూ. రోజూ అవి పూర్తయ్యాకే గదా మాకూ విస్తరి వేసేది," అన్నాడు తిప్పన.

సభ తల దించుకుంది. రాజు ఒక్కొక్కరినీ వరసగా చూశాడు. ఒళ్లో ఉన్న కుక్కనూ చూశాడు. ఉన్నట్టుండి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ఆ రాజులో మెచ్చుకోదగ్గది ఏదైనా ఉంటే ఆ నవ్వొక్కటే. బొల్లిని వదిలేయమన్నాడు. బీరమ్మకు మంద మేపుకోవడానికి కోట పక్క బీడు ఇచ్చాడు. కుక్కల దొడ్డి ఊడ్చే పని గిరిభట్టుకు అప్పగించాడు.

తిప్పనకు తన మెడలోని హారం తీసి ఇచ్చి, ఊరుకోకుండా చతురవచన సార్వభౌమ అన్న బిరుదు కూడా ప్రకటించాడు. వందిమాగధుడు వెంటనే రాగం ఎత్తుకున్నాడు.

"బిరుదు వద్దు ప్రభూ, అన్నం చాలు," అంటూ తిప్పన గుమ్మం వైపు పరుగందుకున్నాడు. అప్పటికే రాజుగారి కుక్కలన్నీ అతని వెంటపడ్డాయి.