అందించే గొంతు

ఎవరు ఏ సందేహం అడిగినా సీతారత్నం గారు అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కారు. "కథయ్యాక చూద్దాం" అనేవారు. హరికథ నేర్పే ఆ చిన్న పాఠశాలలో ఆ మాట అందరికీ అలవాటైపోయింది. ఏ కథయ్యాకో, ఎప్పటి కథయ్యాకో ఆవిడ చెప్పేవారు కారు. ఒక్కోసారి నెల గడిచాక, ఏదో ఊళ్లో వేదిక దిగి గజ్జెలు విప్పుకుంటూ, అడిగినవాడే మరిచిపోయిన ప్రశ్నకు జవాబు చెప్పేవారు.

ఆవిడ శిష్యుల్లో పెద్దవాడు జోగారావు. అమ్మగారికి డెబ్భై దాటాయి కాబట్టి, రేపో మాపో పాఠశాల తన చేతికి వస్తుందని అతనికీ తెలుసు, ఊరికీ తెలుసు. వెనకబడిన పిల్లలకు సాయంత్రం వేళ మళ్లీ పాఠం చెప్పే పని అతనిదే. ఆ పని అతను శ్రద్ధగానే చేసేవాడు. పిల్లవాడు పద్యం మధ్యలో తడబడితే చాలు, రెప్పపాటులో తర్వాతి మాట అందించేవాడు. తన ఎదుట కూర్చున్న ఏ పిల్లా నోట మాట లేక నిలబడిపోకూడదని అతని పట్టుదల. అది దయ అనే అనుకునేవాడు. నిజానికి దయే.

అయినా పైడితల్లి దగ్గర అతని దయ పారలేదు. పద్నాలుగేళ్ల పిల్ల. గొంతు గంటలా ఉంటుంది, పాట నిలవదు. రాణి ఏరు దాటే కీర్తన ఒకటి ఉంది. అందులో మూడు పాదాలు చెప్పి, నాలుగో పాదం ముందు ఆగిపోయేది. ఆగి, మళ్లీ మొదటి పాదానికి వెళ్లబోయేది.

"వెనక్కెళ్లకే! గానుగెద్దులా ఎన్నిసార్లు తిరుగుతావు? ముందుకి నడు. 'నీరు తప్ప'... ఊఁ, అను."

"నీరు తప్ప" అనేది పైడితల్లి. అని, మళ్లీ అతని నోటివంక చూసేది.

"'తోడు లేక'..."

"తోడు లేక" అని మళ్లీ చూసేది.

"నా మొహం మీద రాసుందా ఏం?" అనేవాడు జోగారావు. మిగతా పిల్లలు నవ్వేవారు.

"ఎనక్కెళ్తే గానీ రాదండి, అన్నగారూ" అందొకసారి పైడితల్లి నెమ్మదిగా. ఆ మాట అతను వినిపించుకోలేదు. పొద్దుటిపూట వాకిలి ఊడుస్తూ ఆ పిల్ల మొదటి పాదం నుంచి మళ్లీ మళ్లీ పాడుకోవడం మాత్రం వినేవాడు. విని తల పట్టుకునేవాడు.

చివరికొకనాడు అమ్మగారి దగ్గర కూర్చుని అడిగేశాడు. "అమ్మగారూ, రానివాళ్లకి ఎంతకాలమని అందించాలి? పైడితల్లి సంగతి మీకూ తెలుసు. రేపు తిరునాళ్లలో కథ అయిపోగానే ఆ పిల్లని వాళ్ల ఊరు పంపించేద్దామనుకుంటున్నాను. ఉంచుకుని ఆశపెట్టడం కూడా పాపమే కదా."

గుమ్మం అవతల ఉతికిన బట్టలు మడతపెడుతున్న పైడితల్లి చేతులు ఆగిపోయాయి. సీతారత్నం గారు అటు చూశారు, ఇటు చూశారు.

"కథయ్యాక చూద్దాం" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం తిరునాళ్ల పందిట్లో కథ. ఇసకేస్తే రాలనంత జనం. ముందు వరసల్లో ముసలివాళ్లు, వెనక జీళ్లు నములుతూ పిల్లలు. సీతారత్నం గారు మెడలో దండ, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలతో నిలబడ్డారు. వెనక ఫిడేలు, మృదంగం. ఒక పక్క తాళాలతో జోగారావు, రెండో పక్క శ్రుతిపెట్టెతో పైడితల్లి. ఆ పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి. తనకిదే ఆఖరి కథ అనుకుంటున్నట్టుంది.

రాజు రాణిని దేశం విడిచి పొమ్మనే చోట, వచనం మంచి ఊపులో ఉండగా, సీతారత్నం గారు ఠక్కున ఆగిపోయారు.

జోగారావు గబుక్కున ముందుకు వంగాడు. ఆవిడ కథ చెబుతూ ఆగడం అతను ఎన్నడూ చూడలేదు. "కొలువులోన" అని అందించాడు. "కొలువులోన" అన్నారావిడ. అని, అతని మొహంలోకి చూశారు. "మంత్రులెల్లరు" అన్నాడు. "మంత్రులెల్లరు" అని మళ్లీ చూశారు. అతను పుల్ల పుల్లగా విరిచి ఇస్తుంటే ఆవిడ ఒక్కొక్కటే అందుకుంటున్నారు. కథ ఎక్కడికి పోతోందో ఆవిడకే పట్టనట్టుంది. వచనంలో ప్రాణం పోయింది.

"అమ్మగారికేటయ్యిందిరా?" అన్నాడు ముందు వరసలో ముసలాయన.

"ఇంకేటవుద్ది, వయసయ్యింది" అంది పక్కనున్నామె.

అప్పుడు ఫిడేలు ఎత్తుకుంది. ఆ చప్పుడు చాటున సీతారత్నం గారు జోగారావు వైపు వంగి, "చూశావా, నీ అందింపు మింగి బతకడం ఎలా ఉంటుందో?" అన్నారు. ఆ వెంటనే చిడతలు ఝళిపించి, విడిచిన చోటు నుంచి కథను ఏరులా పారించారు. పందిరి చప్పట్లతో మోగింది.

జోగారావుకి సిగ్గేసింది. అంతకు మించి ఊరట కలిగింది. ఔరా, ఇంతమందిలో తన పరువు పణంగా పెట్టి నాకు పాఠం చెప్పిందా మహాతల్లి, అనుకున్నాడు. ఇకమీదట ఎవరికీ తొందరపడి అందించకూడదని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాడు.

కథ నడిచింది. రాణి ఏరు దాటే ఘట్టం వచ్చింది. సీతారత్నం గారు కళ్లు మూసుకుని ఎత్తుకున్నారు.

ఏరు దాటు వేళ రాణి వెనుదిరిగి చూచెనే
ఊరి దీపమొకటొకటే కనుమరుగై పోయెనే
పేరుపెట్టి పిలుచువారు ఒడ్డుననే నిలిచిరే

అక్కడ ఆగారు.

జోగారావు పెదవి మీద చిరునవ్వు వచ్చింది. ఈసారి నేను మోసపోను, అనుకున్నాడు. తాళాలు ఒడిలో పెట్టుకుని, చేతులు కట్టుకుని, బుద్ధిగా కూర్చున్నాడు. పాఠం తనకు వంటబట్టిందని అమ్మగారు చూడాలి కదా.

మృదంగం మీద తాళం ఒక చుట్టు తిరిగింది, మరో చుట్టు తిరిగింది. ఆవిడ కళ్లు తెరిచారు. ఆ కళ్లు అతన్ని చూడలేదు. జనాన్నీ చూడలేదు. చేతిలో చిడతలు చిన్నగా టకటకలాడుతున్నాయి. ఎంత బాగా నటిస్తున్నారు, అనుకున్నాడు జోగారావు.

అప్పుడు శ్రుతిపెట్టె పక్కనుంచి పైడితల్లి గొంతు లేచింది. నాలుగో పాదం కాదు. మొదటి పాదం.

"ఏరు దాటు వేళ రాణి..."

జోగారావు ఉలిక్కిపడి కళ్లెర్రజేశాడు. ఊరుకోమన్నట్టు చెయ్యి విసిరాడు. పాఠమంతా పాడుచేస్తోంది, మొద్దు పిల్ల! ఆ పిల్ల అతని వంకే చూడలేదు. అమ్మగారి కాళ్లవంక చూస్తూ, ఆ గజ్జెల అడుగుకు సరిగ్గా పాడుతోంది. రెండో పాదంలో సీతారత్నం గారి గొంతు వచ్చి కలిసింది, చీకట్లో గోడ తడుముకుని నడిచేవాళ్లలా. మూడో పాదం ఇద్దరూ కలిసి అన్నారు. ఎవరూ ఎవరికీ మాట అందించలేదు. మూడో పాదం ఊపు తగ్గకుండానే,

నీరు తప్ప తోడు లేక నావ సాగిపోయెనే

అని రెండు గొంతులూ వినిపించాయి. వాటిలో ఏది ముందు దాటిందో జోగారావుకి తెలియలేదు. ముందు వరసలో ముసలాయన కళ్లొత్తుకున్నాడు.

కథ ముగిసి హారతి అయ్యాక, పందిరి వెనక చాప మీద సీతారత్నం గారు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. జోగారావు మిరియాల పాలు తెచ్చి ఇచ్చి, ఆవిడ గజ్జెలు విప్పుతూ నవ్వాడు.

"నా ప్రశ్నకి జవాబు దొరికిందండి, అమ్మగారూ. మొదటిసారి నా గుండె జారిపోయింది సుమండీ. రెండోసారి మాత్రం పట్టేశాను, అందుకే నోరు మెదపలేదు. ఈ పిల్లే తొందరపడి అడ్డొచ్చింది. లేకపోతే ఇంకాసేపు..."

అతను తలెత్తాడు. ఆవిడ నవ్వడం లేదు. పాల గ్లాసు పట్టుకున్న చెయ్యి ఇంకా వణుకుతోంది. కొంచెం దూరంలో పైడితల్లి శ్రుతిపెట్టెకి గుడ్డ కడుతూ, అమ్మగారినే కనిపెట్టి చూస్తోంది. జోగారావు చేతిలోని గజ్జె జారి చాప మీద పడింది.

"అమ్మగారూ!" అన్నాడు. ఆపైన ఏమనాలో అతనికి తోచలేదు. ఈసారి అందించేవాళ్లు ఎవరూ లేరు.

సీతారత్నం గారు పాలు తాగి, గ్లాసు కింద పెట్టారు.

"ఆ పిల్లని ఎక్కడికీ పంపకు. రేపట్నుంచి నా పక్కన కూర్చోబెట్టు" అన్నారు. మెల్లిగా మళ్లీ అన్నారు. "మొదటిసారి ఆగింది నీకోసం, నాయనా. రెండోసారి నీకోసం కాదు."