బాతు కాలికి రెండో కడియం

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే ఊరు కాదులే, చుట్టూ నీళ్ళు, మధ్యన దిబ్బ మీద కాసిని గుడిసెలు. అక్కడ పోతయ్య అని ఒక ముసలాయన, ఆయన కోడలు సింగారి ఉండేవాళ్ళు. కొడుకు చేపలకి పోయి ఏ మూలో తిరిగేవాడు, వాడితో మనకి పనిలేదు.

చలికాలం వచ్చేసరికి ఆ నీళ్ళ మీద అడవి బాతులు దిగేవి. నీళ్ళు కనబడకుండా దిగేవి. ఎండలు ముదిరేసరికి ఒక్కటీ ఉండేది కాదు. ఊ కొడుతున్నారా? కొట్టండి, లేకపోతే నాకే నిద్రొస్తుంది.

ఆ దేశానికి కొత్తగా ఒక రాజు వచ్చాడు. ఆయనకి బాతులంటే ప్రాణం. చలికాలమంతా పడవలో కూచుని చూసుకున్నాడు. వేసవిలో వస్తే నీళ్ళు ఖాళీ. నా బాతులేవీ అన్నాడు. ఎగిరిపోయాయన్నాడు పోతయ్య. ఎగిరి ఎటు పోయాయి? కొండల అవతలికి. కొండల అవతల ఎక్కడికి? ఏమో. చూసినవాడెవడు? ఎవడూ లేడు. ఎవడూ చూడకపోతే మీరే కోసుకు తిన్నారన్నాడు రాజు. పోతయ్యని ఖైదులో పెట్టించాడు.

సింగారికి అన్నం సయించలేదు. బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తోంది గానీ, అవి ఎటు పోతాయో ఆమెకీ తెలియదు. చలికి మళ్ళీ వస్తాయని రాజుకి కబురు పెట్టింది. వచ్చాయి. రాజు నమ్మలేదు. ఇవి వేరే బాతులన్నాడు. అదీ నిజమే మరి, ఈ బాతు ఆ బాతే అని ఎలా చెబుతాం?

అప్పుడు సింగారి రాజు దగ్గరికి వెళ్ళింది.

"మహారాజా, మా వాడలో కోళ్ళన్నీ కలిసి తిరుగుతాయి. ఎవరిదేదో తెలియడానికి కాలికి గుడ్డపీలిక కడతాం. మీ బాతులకీ కడదాం. గుడ్డయితే నీళ్ళకి చీకిపోతుంది, ఇత్తడి కడియాలు చేయించి మీ ముద్ర వేయించండి. అవే తిరిగొస్తే మా మామని వదలండి."

"రాకపోతే?"

"నన్నూ ఆయన పక్కనే పెట్టించండి."

కంసాలి కడియాలు చేశాడు. బిగిస్తే కాలు వాస్తుంది, వదులైతే బురదలో జారిపోతుంది. అందుకని సింగారి ఒక్కో కాలూ తడిమి చూసి వేసింది. నొప్పెట్టదా అంటావా? నీ చేతి గాజు నొప్పెడుతోందా? అంతే.

ఎండలొచ్చాయి. బాతులు బారులు కట్టి కొండల మీదుగా పోతుంటే రాజు గట్టున నిలబడి చూశాడు. పోవడం చూశాను, రావడం చూడాలన్నాడు. సింగారి ఖైదుకి కూడు పట్టుకెళితే, అవి రాకపోతే ఏం చేస్తావే అని అడిగాడు పోతయ్య.

"వస్తాయి మామా" అంది. ఆ మాట ఆమెకే గట్టిగా వినబడలేదు.

మళ్ళీ చలి వచ్చింది. మొదట దిగిన గుంపుల్లో ఒక్క కడియమూ లేదు. సింగారి రోజూ వల వేసింది, చూసింది, వదిలేసింది. చివరికొక ఆడబాతు దొరికింది. కాలికి రాజుగారి కడియం, పచ్చగా చిలుమెక్కి ఉంది. రెండో కాలికి ఇంకో కడియం ఉంది, తెల్లటిది. దాని మీది అక్షరాలు ఆస్థానంలో ఎవరికీ రాలేదు.

ఇదేమిటన్నాడు రాజు. సింగారి దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"అక్కడివాళ్ళు వేశారు మహారాజా. ఏటా తమ బాతులు ఎటు పోతున్నాయో వాళ్ళకీ తెలియక కట్టి ఉంటారు."

"నా బాతులనుకున్నాను" అన్నాడు రాజు నెమ్మదిగా.

ఆ పూటే పోతయ్యని వదిలేశారు. రాజు ఆ తెల్ల కడియం తీయించి ఖజానాలో దాచుకోబోయాడు. సింగారి బాతుని వెనక్కి తీసుకుంది.

"ఇది లేకుండా తిరిగెళితే, ఇది ఆ బాతేనని వాళ్ళకెలా తెలుస్తుంది? మనం తినేశామనుకుంటారు. అక్కడ ఎవరి మామని కట్టేశారో."

రాజు బాతుని రెండు చేతుల్లోకి తీసుకుని, నీళ్ళ దాకా నడిచి తనే వదిలాడు.

పోతయ్య ఇంటికొచ్చి ముందు చేపల పులుసు అడిగాడు. ఆ తర్వాత ఏటా కడియాలు వేశారు. ఏ బాతు ఎన్నేళ్ళు బతికిందో, ఏది తిరిగొచ్చిందో అందరికీ తెలిసొచ్చింది. మీకెప్పుడైనా అలాంటి బాతు దొరికితే, కడియం చూసి వదిలెయ్యండి, దానికోసం ఎక్కడో ఎవరో చూస్తుంటారు.

కథ కంచి దారి పట్టింది. మనం దుప్పట్లోకి పోదాం.