ఐదు ముంతల అమ్మాయి

ఒక ఊళ్ళో అందరికీ కలిపి ఒకే గాదె ఉండేది.

కోతలయ్యాక ఎవరి పంటలో కొంత వాళ్ళు తెచ్చి అందులో పోసేవారు. వానల్లో, పనులు దొరకని రోజుల్లో ఎవరికి కావలసింది వాళ్ళు కొలిపించుకుని పోయేవారు. రాతి కాళ్ళ మీద ఎత్తుగా కట్టిన గాదె అది. చెమ్మ తగలదు, పందికొక్కు ఎక్కదు. గుమ్మం పక్కనే అమ్మవారి దీపం. గింజలు తీసుకున్నవాళ్ళు ఆ దీపం ముందు పిడికెడు వదిలి పోయేవారు. ఆ పిడికెళ్ళే పిట్టలకీ బైరాగులకీ తిండి. ఆ తల్లి చల్లని చూపు ఉన్నన్నాళ్ళూ, నాయనలారా, ఆ గాదెకి తాళం వేసిన పాపాన ఎవరూ పోలేదు.

ఊరి పక్కన కొండ. కొండ మీద విశ్వవిద్యాలయం. అక్కడి వంటశాలకీ ఆ గాదె గింజలే. అందులో ఒక శాఖలో ముగ్గురు ఆచార్యులు ఉండేవారు. బజారు ఎలా నడుస్తుందో ఒకాయన చదివాడు. మనుషుల చేత పని ఎలా చేయించాలో ఇంకొకాయన చదివాడు. ఒక నోట్లో పుట్టిన మాట ఊరంతా ఎలా పాకుతుందో మూడో ఆయన చదివాడు. ఊళ్ళోవాళ్ళు వాళ్ళకి బేరాలయ్య, పెత్తనాలయ్య, దండోరాలయ్య అని పేర్లు పెట్టుకుని నవ్వుకునేవారు. చెడ్డవాళ్ళు మాత్రం కారు, పాపం. పొద్దున్నే లేచి స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాకే పనిలోకి దిగేవారు.

వాళ్ళ దగ్గర ఒక అమ్మాయి పరిశోధన చేస్తోంది. ఆ ఊరి పిల్లే. తల్లీ తండ్రీ లేకపోతే అక్క పెంచింది. పరిశోధన చేసి ఒక ఫలితం చూపించినవాళ్ళకి శాఖవారు శాలువా కప్పుతారు. ఆ తర్వాత కొండ మీదే ఉండి పాఠాలు చెప్పుకోవచ్చు. ఫలితం చూపించలేనివాళ్ళు దిగిపోవాలి. ఆ మాట తన దాకా రాకూడదని ఆ పిల్ల రాత్రింబవళ్ళు చదివేది.

ముగ్గురూ కలిసి ఆమెకి ఒక ప్రశ్న ఇచ్చారు. "గాదె ఖాళీ అవుతుందని మీకు ఎంత భయం?"

అమ్మాయి తల మీద తట్ట, తట్టలో ఐదు ముంతలు. మొదటి ముంత భయమే లేనివాళ్ళది. రెండోది కొంచెం భయం ఉన్నవాళ్ళది. అలా పెరుగుతూ పోయి, అయిదోది భయంతో నిద్ర పట్టనివాళ్ళది. జవాబు చెప్పేవాళ్ళు తమకి తగిన ముంతలో ఒక చింతగింజ వెయ్యాలి. శాఖలో ఒక నియమం ఉంది. అడిగేవాళ్ళు అడగాలి తప్ప ఏమీ చెప్పకూడదు. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే పెదవి విప్పకూడదు. విప్పితే ఎదుటివాళ్ళ జవాబు వంకర పోతుంది, పరిశోధన చెడుతుంది.

అమ్మాయి ముందు గాదె ఎక్కి చూసింది. గింజలు మూతి దాకా ఉన్నాయి. అక్కణ్ణించి నేరుగా అక్క ఇంటికే వెళ్ళింది. అక్క అరుగు మీద కూతురికి తల దువ్వుతోంది. ప్రశ్న విని పక్కున నవ్వింది.

"ఇందుకటే నువ్వు కొండెక్కింది? గాదె ఖాళీ అవడమేమిటే, తిక్కదానా! రేపు సూర్యుడొస్తాడా అని కూడా అడుగు, ఒక పనైపోతుంది."

గింజ మొదటి ముంతలో పడింది. ఊరంతా అలాగే నవ్వింది. పొద్దు గూకేసరికి మొదటి ముంత నిండింది. మిగతా నాలుగూ ఖాళీ.

కొండ మీద ముగ్గురూ ముంతల్లోకి తొంగి చూసి పెదవి విరిచారు.

"ఏమీ లేదన్నది ఫలితం కాదమ్మాయీ," అన్నాడు బేరాలయ్య. "దాన్ని ఎవరు అచ్చువేస్తారు? వానలకి ముందు మళ్ళీ వెళ్ళి అడుగు."

మళ్ళీ వెళ్ళింది. ఈసారి నవ్వు తక్కువైంది.

"మొన్న అడిగావు, మళ్ళీ అడుగుతున్నావు," అన్నాడు గానుగాయన. "కొండ పైవాళ్ళకి ఏమైనా తెలిసిందా అమ్మాయ్?"

అమ్మాయి పలకలేదు.

"తెలియకపోతే ఎందుకు అడుగుతారయ్యా!" అంది పక్కింటి ముసలమ్మ. "నా మొగుడు పోయేముందు వైద్యుడూ ఇంతే. 'నొప్పిగా ఉందా, నొప్పిగా ఉందా' అని అడిగేవాడు గాని, ఎందుకడుగుతున్నాడో చెప్పి చావలేదు."

గానుగాయన గింజ మొదటి ముంత మీదికి వెళ్ళి, కాసేపు గాలిలో ఆగి, రెండోదాంట్లో పడింది.

అక్క ఈసారి చెల్లెల్ని లోపలికి లాగి తలుపు వేసింది. గొంతు తగ్గించింది.

"ఊరి సంగతి ఊరికి వదిలెయ్. నేను నీ అక్కని. నాకు ఒక్కదానికీ చెప్పు. గాదెకి ఏమైనా అయిందా?"

ఏమీ కాలేదక్కా, నా కళ్ళతో చూశాను, నిండుగా ఉంది. ఆ మాట అమ్మాయి నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పేస్తే అక్క జవాబు చెడిపోతుంది. ఒక్క జవాబు చెడితే పరిశోధనంతా చెడినట్టే. అమ్మాయి తల దించుకుని ముంతల వైపు చూస్తూ కూర్చుంది.

గుటక వేసినంత సేపైనా పట్టదు తల్లులారా, ఆ మాటకి. అమ్మవారు అంతసేపూ ఆ గుమ్మంలోనే నిలబడి ఎదురు చూసి ఉంటుంది.

అక్క చెల్లెలి మొహంలోకి చూసింది. "అయితే ఏదో ఉందన్నమాట," అంది. ఆమె గింజ మూడో ముంతలో పడింది.

కొండ మీద పండగ. "పెరిగింది! పెరిగింది!" అని ముగ్గురూ చేతులు కలుపుకున్నారు. ఊళ్ళో భయం పెరుగుతున్నట్టు పరిశోధనలో తేలిందని దండోరాలయ్య సందు సందునా డప్పు వేయించాడు. భయం పెరిగినప్పుడు కట్టుదిట్టం ఉండాలని పెత్తనాలయ్య గాదెకి తాళం వేయించి, ఇద్దరు కాపలావాళ్ళని పెట్టించాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ గాదె దగ్గర కర్ర పట్టుకున్న మనిషిని చూడని జనం, ఆ కర్రల్ని చూసి వణికిపోయారు.

"ఇంకొక్కసారి అడిగిరా అమ్మాయీ," అన్నాడు బేరాలయ్య. "శాలువా నేయిస్తున్నాం."

మూడోసారి ఆమె వీధిలో అడుగు పెట్టగానే అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. ఎవరూ ప్రశ్న పూర్తిగా వినలేదు. గింజలు అయిదో ముంతలో వేసి లోపలికి పరుగెత్తారు. ఆమె ఒక వీధిలో ఉండగానే పక్క వీధిలో గోతాలు, తట్టలు బయటికొచ్చాయి. మధ్యాహ్నానికి ఊరంతా గాదె దగ్గరే ఉంది. కాపలావాళ్ళు కర్రలు పారేసి, తామూ గోతాలు తెచ్చుకున్నారు.

అప్పుడు అమ్మాయికి నోరు పెగిలింది. తట్ట నేలకేసి కొట్టి, జనానికి అడ్డంగా నిలబడింది.

"గాదె నిండుగా ఉంది! నేను చూశాను! భయపడకండి, అందరికీ సరిపోతుంది!"

గానుగాయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇన్నాళ్ళూ అడిగితే పలకనిదానివి ఇవాళ గొంతు చించుకుంటున్నావంటే, మమ్మల్ని ఆపమని పైవాళ్ళు పంపారన్నమాట. అంటే గింజలు అడుగంటాయి. తొయ్యండర్రా!"

తోశారు. తాళం విరిగింది. అమ్మవారి దీపం ఎవరి కాలు తగిలి దొర్లిందో తెలియదు. పిడికెడు వదలాలని ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. పొద్దు గూకేసరికి గాదెలో నేల కనబడింది. చివరి వీధులవాళ్ళు ఖాళీ గోతాలతో ఆ నేలకేసి చూస్తూ నిలబడ్డారు.

ఆ వెంటనే వానలు పట్టుకున్నాయి. మట్టి ఇళ్ళలో, మంచాల కింద దాచిన గింజలు చెమ్మ తగిలి మొలకెత్తాయి, బూజు పట్టాయి. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి కనబడకుండా తలుపులు బిగించుకుని వండుకున్నారు. పొయ్యి పొగ బయటికి పోకుండా కిటికీలకి గుడ్డలు కుక్కారు.

కొండ మీద సభ జరిగింది. "గాదె ఖాళీ అవుతుందని జనం భయపడ్డారు. ఖాళీ అయింది," అన్నాడు బేరాలయ్య. "ఇంత కచ్చితంగా రుజువైన పరిశోధన ఈ శాఖలో ఇంతవరకూ లేదు."

"గురువుగారూ," అంది అమ్మాయి. "నేను అడక్కపోయి ఉంటే?"

బేరాలయ్య శాలువా మడత విప్పడం మొదలుపెట్టాడు.

"అది వేరే పరిశోధనమ్మా," అన్నాడు దండోరాలయ్య మెల్లగా. "దానికి వేరే విద్యార్థి కావాలి."

శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. తర్వాత పంక్తి భోజనం ఉండాలి. వంటశాలలో పొయ్యి వెలగలేదు. పెత్తనాలయ్య నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఊళ్ళో నీవాళ్ళున్నారు గదా అమ్మాయీ. వెళ్ళి నీ కడుపైనా నింపుకో."

వానలో ఆమె కొండ దిగింది. వీధి మలుపు తిరగ్గానే మొదటి తలుపు మూసుకుంది. తర్వాత రెండోది. ఆమె నడుస్తున్న కొద్దీ ఆమెకి ముందుగా గడియలు పడుతూ పోయాయి. అక్క తలుపు అప్పటికే వేసి ఉంది. తట్టింది.

"ఎవరు?"

"నేనక్కా."

లోపల చప్పుడు ఆగింది. "పిన్నే, అమ్మా!" అని పిల్ల గొంతు. "ష్! పలక్కు." అక్క తలుపు తియ్యకుండానే అడిగింది. "ఏం అడగడానికి వచ్చావు?"

"ఏమీ అడగనక్కా. ఆకలేస్తోంది."

తలుపు సందులోంచి ఉడికిన అన్నం వాసన వస్తోంది. లోపల ఏదో కలుపుతున్న చప్పుడు, గాజుల చప్పుడు. తలుపు చెయ్యి పట్టేంత తెరుచుకుంది. ఒక విస్తరాకు గడప బయటికి జరిగింది. గడియ మళ్ళీ పడింది.

ఆకులో అన్నం ముద్ద ఉంది. సగం పసుపు, సగం కుంకుమ కలిపిన ముద్ద. పైన ఒక ఎండు మిరపకాయ, ఒక బొగ్గు ముక్క. ఇంట్లోవాళ్ళ చుట్టూ తిప్పి దిష్టి తీసి, పట్టినదేదో తిని పోవాలని బయట వదిలే ముద్ద అది.

అమ్మాయి దాని వైపు చూసింది. మూసిన తలుపు వైపు చూసింది. తడిసిన శాలువా సర్దుకుని మెట్టు మీద కూర్చుంది. బొగ్గు ముక్కా మిరపకాయా తీసి పక్కన పెట్టి, తినడం మొదలుపెట్టింది.

లోపల అక్క తలుపుకి చెవి ఆనించి నిలబడింది.

"తింటోందా అమ్మా?" అంది పిల్ల.

అక్క బిగబట్టిన ఊపిరి వదిలింది.

"తింటోంది. ఇక పోతుందిలే."