మసకబొమ్మ

చెన్నకేశవులుకి కడుపు మండిపోతోంది. గురువు మస్తానయ్య దగ్గర ముందు చేరింది తను. తాళ్లు కట్టింది తను, పెట్టెలు మోసింది తను. నిన్నగాక మొన్న వచ్చిన రమీజా వీడియోబొమ్మకి కొండనే తెరగా ఇచ్చి, తన బొమ్మని పక్కన పెడతారా! రెండురోజులుగా అన్నం కూడా సయించడం లేదు మనిషికి, పాపం.

మస్తానయ్య ఒకప్పుడు తోలుబొమ్మలాడించేవాడు. ఇప్పుడు ప్రొజెక్టరు వెంటేసుకుని ఆరుబయట రాళ్లమీదా గోడలమీదా వీడియోలు వేస్తున్నాడు. ఈసారి ఆయన ఎంచుకున్నది క్వారీ కోసం సగం తొలిచేసిన కొండ. ఊరివాళ్ల పెద్దల సమాధులు ఆ కొండవాలులోనే ఉండేవి. రాయితోపాటు అవీ పోయాయి. అప్పట్నుంచీ పెద్దల అమావాస్యకి విస్తరి ఎక్కడ పెట్టాలో తెలీక ఊరు ఊరంతా అల్లాడుతోంది. రమీజా ఇల్లిల్లూ తిరిగి, పాత పెళ్లి ఫొటోల్లో మూలన నిలబడ్డ ముఖాల్ని కూడా వెతికి వీడియోగా కూర్చింది. అమావాస్య సాయంత్రం ఆ ముఖాలు కొండమీద పడాలి.

"నాదాంట్లో ఏం తక్కువైంది సామీ?" అన్నాడు కేశవులు, ఇక ఉండబట్టలేక.

గురువు ప్రొజెక్టరు పక్కన స్టూలు వేశాడు.

"ఇది పాతది. వేడెక్కితే బొమ్మ మసకేస్తుంది. ఈ లెన్సు రింగు పట్టుకుని కూర్చో. తిప్పుకుంటా ఉండు."

"ఆయమ్మి బొమ్మకి నేను కాపలానా?"

"ఊఁ."

పొద్దుగూకింది. జనమంతా విస్తళ్లతో వచ్చి రాతిగోడ ముందు కూర్చున్నారు. ముఖాలు ఒక్కొక్కటే వెలిగాయి. "మా జేజి!" "అదో, మా పెదనాయన!" అని కేకలు. "ఏ తల్లి కన్న బిడ్డో, చల్లగుండాల!" అని దీవెనలు. దీవెన వినబడినప్పుడల్లా కేశవులుకి ఒంటిమీద వాత పెట్టినట్టే ఉంది.

కాసేపటికి బొమ్మ మసకేసింది. చెయ్యి రింగు మీదే ఉంది. తిప్పలేదు. పోతే పోనీ అనుకున్నాడు.

గురువు చూశాడు.

ముందు వరసలోంచి సుంకులమ్మ అనే ముసలామె లేచింది. తల్లి ఫొటో ఆమె దగ్గర ఒక్కటీ లేదు. ఎవరి పెళ్లి ఫొటోలోనో దొరికిందని రమీజా చెబితే, పొద్దుట్నుంచీ పస్తుండి వచ్చింది. "ఇదే మీయమ్మ" అని రమీజా చెయ్యి చూపిస్తే కొండకేసి చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. మళ్లీ తుడుచుకుంది.

"పాడు కండ్లు," అంది పక్కనామెతో. "ఇన్నాళ్లకు మాయమ్మ వస్తే, ఈ పాడు కండ్లకు కనపడ్లేదు మే."

కేశవులు చెయ్యి దానంతటదే కదిలింది. రాతిమీద ముఖం తేటపడింది. ముక్కుపుడక, నుదుట పచ్చబొట్టు.

"అమ్మా!" అంటూ ముసలామె వెళ్లి, ఆ ముఖం కింద విస్తరి పెట్టి, అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత లేచి, తిన్నగా ప్రొజెక్టరు దగ్గరికొచ్చింది.

"నువ్వేనా నాయనా, మాయమ్మను చూపించింది?" అని కేశవులు చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది.

అతనికి చచ్చేంత సిగ్గేసింది. చేతులు లాక్కోబోయాడు, ఆమె వదల్లేదు.

"నీ కండ్లు బాగానే ఉండాయవ్వా," అన్నాడు. "తిప్పకుండా కూసున్నది నేను. ఆ బొమ్మ రమీజాది."

రమీజా తలెత్తి అతనివైపు చూసింది.

సామాను సర్దుకునేటప్పుడు గురువు అన్నాడు: "రేపు కొండ నీది. రింగు రమీజా పట్టుకుంటుంది."