రెండుసార్లు పోయిన చుక్క

రా, ఇలా పక్కన పడుకో. కాళ్ళు నా మీద వెయ్యకు తల్లీ, పొద్దుట్నుంచి పీకుతున్నాయి. ఒక్కటే కథ. మధ్యలో ప్రశ్నలు వేశావంటే నేనే ముందు నిద్రపోతాను.

అనగనగా ఒక ఊళ్ళో, బస్టాండు పక్క సందులో, గవర్రాజని వాచీలు బాగుచేసే ఆయన ఉండేవాడు. ఆయన భార్య మంగాయమ్మ. పగలంతా ఆయన కంటికి భూతద్దం బిగించుకుని ఆవగింజంత మరలు తిప్పేవాడు. ఆవిడ మిషను మీద జాకెట్లు కుట్టేది. సాయంత్రానికి ఇద్దరూ పిండి ఆరేసిన గుడ్డల్లా అయిపోయేవారు.

అయినా వాళ్ళకొక పిచ్చి ఉండేది. చందమామ ఆకాశంలో నడుస్తూ నడుస్తూ ఒక్కోసారి ఒక చుక్కకి అడ్డం వస్తాడు. అప్పుడా చుక్క టక్కున మాయమైపోతుంది. సరిగ్గా ఏ క్షణాన మాయమైందో చూసి రాసిపెట్టడం, అదీ వాళ్ళ పిచ్చి.

గవర్రాజు ఒక గొట్టంతో, రెండు అద్దాలతో దుర్భిణి చేశాడు. దాన్ని డాబా మీద పెట్టుకునేవారు. ఆయన కళ్ళు పగలే అరిగిపోయేవి కనుక చూసేది మంగాయమ్మే. రేడియోలో టైము చెప్పేముందు కూతలు వస్తాయే, వాటితో వాచీ సరిచేసుకుని ఆయన పక్కన కూచునేవాడు. ఆవిడ "పోయింది!" అనగానే మీట నొక్కేవాడు. కన్ను చూశాక నోరు చెప్పేసరికి అర సెకను పడుతుందని, అది తీసేసి మరీ రాసేవాడు. పెళ్ళాం నోరు అర సెకను ఆలస్యమని లెక్కగట్టిన మొగుడు లోకంలో ఈయనొక్కడే అయ్యుంటాడు.

ఆ తర్వాత ఆ కాగితం పట్నంలో ఉన్న దక్షిణామూర్తి మాస్టారికి పోస్టు చేసేవారు. అలా చాలా ఊళ్ళనుంచి ఆయనకి కాగితాలు వచ్చేవి. అన్నీ కలిపి చూసి, చందమామ అంచు ఎక్కడ ఎత్తో, ఎక్కడ పల్లమో ఆయన తేల్చేవాడు. ఆయన అందరికీ ఒకటే మాట చెప్పాడు. చూసినవాళ్ళు ఏం చెబితే అదే రాయండి, మీ తెలివి కలపకండి అని.

ఒక ఏడాది మాఘమాసంలో, దీపాలు పెట్టిన కాసేపటికి, చందమామ ఒక చిన్న చుక్క దగ్గరికొచ్చాడు. దానికి పేరు కూడా లేదు.

"పోయింది!" అంది మంగాయమ్మ. ఆయన మీట నొక్కాడు. వెంటనే ఆవిడ మళ్ళీ, "ఇప్పుడు పోయింది!" అంది.

"ఒక్క చుక్క రెండుసార్లు ఎలా పోతుందే?"

"ముందు సగం తగ్గిందండీ. ఒక చిటికె ఆగి మిగతాది పోయింది. అక్కడ రెండు చుక్కలున్నాయేమో. బాగా దగ్గరగా ఉండి మనకి ఒకటిలా కనబడుతున్నాయేమో."

"పొద్దుట్నుంచి మిషను తొక్కావు. కన్ను అలిసిపోయింది, పద," అన్నాడాయన.

అని ఊరుకున్నాడా? కాగితం మీద ఒక్క టైమే రాశాడు. రెండోది రాయనే లేదు. మంగాయమ్మ అది చూసింది, కిందకి దిగి అన్నం వండింది. నేనైతే ఆ దుర్భిణిని కాలవలో పారేసి వచ్చేదాన్ని! ఆవిడ అలాంటిది కాదు. కానీ మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళూ నమ్మిన కన్ను, ఇవాళ ఒక్క మాటకి పనికిరాకుండా పోయిందా అని.

ఆ చుక్కకి చందమామ అడ్డం రావడం వాళ్ళ ఊరికి ఏడాదికోసారే కనబడుతుంది. అదీ ఇంకో రెండేళ్ళే. ఆ తర్వాత చందమామ దారి మారిపోతుంది, మళ్ళీ చాలా ఏళ్ళదాకా అటు రాడు.

రెండో ఏడాది మబ్బు పట్టింది. ఇద్దరూ మెడలు పట్టేసేదాకా పైకి చూసి దిగిపోయారు.

మూడో ఏడాదికి మంగాయమ్మ కంట్లో శుక్లం ముదిరింది. రెండో కన్నూ అంతంతమాత్రమే. చందమామే పాలు ఒలికినట్టు కనబడుతుంటే ఇంక చుక్కలెక్కడ? అప్పుడావిడ వాచీ తను పట్టుకుంది.

"ఈసారి మీరు చూడండి. ఒకటో రెండో చెప్పండి. అబద్ధం మాత్రం చెప్పకండి," అంది.

గవర్రాజు చూశాడు. పగలంతా మరలు చూసిన కన్ను, నీళ్ళు కారుతోంది. తుడుచుకుని చూశాడు, మళ్ళీ తుడుచుకుని చూశాడు. "పోయింది!" అన్నాడు. ఆ తర్వాత కూడా కన్ను తియ్యకుండా చూస్తూనే ఉన్నాడు.

"ఒకటా, రెండా?"

రెండనేస్తే పెళ్ళాం ఎంత సంతోషిస్తుందో ఆయనకి తెలుసు. అయినా, "నాకు ఒక్కటే కనబడిందే," అన్నాడు.

మంగాయమ్మ వాచీ ఆయన చేతిలో పెట్టేసి గోడకి చేరగిలబడింది. "సరేలెండి. అలిసిపోయాను," అంది.

అప్పుడు గవర్రాజుకి సిగ్గేసింది. ఇంత పాడు కన్నుతో ఒకటి చూసి ఒకటని రాసుకుంటున్నానే, అంత మంచి కన్నుతో రెండు చూసిన మనిషి మాట ఎందుకు రాయలేదు అనుకున్నాడు. ఆ రాత్రే మాస్టారికి ఉత్తరం రాశాడు. రెండేళ్ళ కిందట నా భార్య రెండుసార్లు పోయిందని చెప్పింది, నేను రాయలేదు, తప్పు నాది అని.

మాస్టారి జవాబు వచ్చేసరికి మంగాయమ్మ కంటికి ఆపరేషనై కట్టు కట్టుకుని పడుకుని ఉంది. గవర్రాజు మంచం దగ్గర కూచుని చదివాడు.

"మీ ఉత్తరం చూశాక నాకు అన్నం సహించలేదు. ఆ ఏడాది, అదే రాత్రి, ఇంకో ఊరినుంచి రైలుగేటు దగ్గర పనిచేసే హైమావతి అనే ఆవిడ కూడా చుక్క రెండుసార్లు పోయిందని రాసింది. ఇంకొక్కరు అదే మాట రాస్తే నమ్ముదామని చూశాను. మీ కాగితంలో ఒకటే ఉంది. అందుకని, డ్యూటీ చేసి నీ కన్ను అలిసి ఉంటుందమ్మా అని ఆవిడకి జవాబు రాశాను. ఆ తర్వాత ఆవిడ నాకు ఏమీ పంపలేదు. వేరువేరు ఊళ్ళలో ఇద్దరు చూశారంటే అవి రెండు చుక్కలే."

"రెండేనే మంగా! నువ్వే చూశావు!" అన్నాడు గవర్రాజు.

మంగాయమ్మ మెల్లగా అడిగింది.

"ఆవిడకి చెప్పారటా?"

"ఎవరికి?"

"ఆ గేటు దగ్గరావిడకి."

గవర్రాజు ఉత్తరం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ మాట అందులో లేదు.

"మాస్టారిని అడ్రసు అడగండి. ముందు ఆవిడకి రాయండి. నాకైతే కోపం పెట్టుకోడానికి మీరున్నారు. పాపం, ఆవిడ రెండేళ్ళుగా తన కన్నునే తిట్టుకుంటూ ఉంటుంది."

గవర్రాజు ఆ పూట కొట్టు తెరవకుండా, అడ్రసు కోసం మాస్టారికి ఉత్తరం రాస్తూ కూచున్నాడు.

చందమామ కొండ చాటుకి,
చిట్టితల్లి దుప్పటి చాటుకి,
కథేమో కంచి దారికి,
కళ్ళేమో నిద్ర దారికి.