మగ్గం మీద సగం హంస

అనగనగా ఒక రాజు. ఊఁ కొడుతూ ఉండాలి, మీరు ఆపారో నేనూ ఆపేస్తాను. ఇది నవ్వుకునే కథ కాదు, ముందే చెబుతున్నా. తర్వాత నన్ను అనొద్దు.

ఆ రాజు పేరు కుంభసేనుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు పడవ నడపడంలో మొనగాడు. రెండోవాడు విల్లు పట్టాడంటే గురి తప్పేది కాదు. మూడోవాడు పుండరీకుడు. వాడికి ఏ పనీ రాదు. తినడం, తిరగడం, మాణిక్యాలు వాళ్ళ వాకిట్లో కూర్చుని మగ్గం చప్పుడు వినడం, అంతే వాడి బతుకు.

మాణిక్యాలు నేతగాళ్ళ ఇంటి పిల్ల. ఆ పిల్ల చీర మీద నేసిన హంసని చూసి చిన్నపిల్లలు గింజలు వేసేవాళ్ళు. పుండరీకుడికి ఆ పిల్లనిచ్చి చేయడానికి పెద్దలంతా ఒప్పుకున్నారు. కానీ నేతగాళ్ళ ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. పెళ్ళికూతురు తన పెళ్ళిచీర తనే నేసుకోవాలి, అది మగ్గం దిగేదాకా ముహూర్తం పెట్టరు. మాణిక్యాలు సగం చీర నేసింది. నడిమధ్య హంసకి ఒళ్ళు పూర్తయింది, ఇక మెడ ఎత్తాలి.

సరిగ్గా అప్పుడొచ్చాడు, ఏడు సముద్రాల అవతలి నుంచి, గవ్వల భైరవుడనే మాంత్రికుడు. భుజం మీద ఒక పచ్చని చిలక. ఎందుకీ చాకిరీ మీకు, చేతిలో ఉన్న పనితనం నాకిచ్చేయండి, మనిషికి బిందెడు బంగారం ఇస్తాను అన్నాడు. రాజు పొంగిపోయాడు. నా రాజ్యంలో ఇంక ఎవరి అరచేతులూ కాయలు కాయవు, అందరూ హాయిగా ఉంటారు అని దండోరా వేయించాడు. పిచ్చి మహారాజు, మంచే చేస్తున్నాననుకున్నాడు.

జనం బారులు తీరారు. చిలక వచ్చి అరచేతిలో ఒక్క పోటు పొడిచేది. అంతే, పని పోయేది, బిందె వచ్చేది. కుమ్మరి ఇచ్చాడు, కమ్మరి ఇచ్చాడు, దుక్కి దున్నేవాడు ఇచ్చాడు, రాజుగారి పెద్దకొడుకులిద్దరూ ఇచ్చారు. జోలపాట ఇచ్చేసిన తల్లి కూడా ఉందర్రా. అందరూ ఒక్కటే అనుకున్నారు. ఇచ్చేది నేనొక్కణ్ణే కదా, మిగతావాళ్ళు పని చేస్తూనే ఉంటారు, నా దగ్గర బంగారం ఉంటుంది, ఇంకేం కావాలి అని. పుండరీకుడూ చెయ్యి చాపాడు. చిలక మూడుసార్లు వెతికి మొహం తిప్పుకుంది. ఈ చేతిలో ఏమీ లేదని సభంతా నవ్వింది.

మాణిక్యాలు కూడా ఇచ్చింది గానీ, ఆశకి పోయి కాదు. వాళ్ళ నాన్న దగ్గి దగ్గి రక్తం కక్కుతున్నాడు. మంచి మందు ఇప్పిద్దామని చిలకకి చెయ్యి చాపింది. బిందె చంకనెత్తుకుని వైద్యుడి ఇంటికి పరిగెత్తింది. వైద్యుడు బంగారాన్నీ చూశాడు, తన చేతుల్నీ చూసుకున్నాడు. పొద్దున్నే నా పనీ ఇచ్చేశానమ్మా అన్నాడు. మూడోరోజు వాళ్ళ నాన్న పోయాడు. పాడె కట్టడం కూడా ఊళ్ళో ఎవరికీ రాలేదు.

మాంత్రికుడు చక్కా వెళ్ళిపోయాడు. రాజ్యమంతా బంగారం, పొయ్యి మీద ఏమీ లేదు. విత్తనం చల్లడం మర్చిపోయారు, గింజ దంచడం మర్చిపోయారు. పోనీ మళ్ళీ నేర్చుకుందామంటే, చిలక పొడిచిన చేతికి ఏదీ పట్టుబడదు. రాజు బంగారు పళ్ళెంలో ఉడకని బియ్యం పెట్టుకుని నములుతూ ఏడ్చాడు.

పనితనం తిరిగి తెస్తానని పెద్దవాడు బయల్దేరాడు. తెడ్డు ఎలా పట్టుకోవాలో మర్చిపోయినవాడు, మొదటి సముద్రంలోనే మునిగిపోయాడు. రెండోవాడు బయల్దేరాడు. దారిలో పులి ఎదురైతే బాణం ఎటు పెట్టాలో తెలియలేదు. ఇక పుండరీకుడు మిగిలాడు. మాణిక్యాలు గుమ్మం దాకా వచ్చింది.

"నా చేతులు నాకు తెచ్చిపెట్టు. ఇంకేం అడగను," అంది.

తెస్తానని మాటిచ్చాడు. సముద్రం ఒడ్డుకి వెళ్ళి, పడవ లేదు, చేసేవాడు లేడు, కూలబడి ఏడ్చాడు. పక్కన తుమ్మకొమ్మకి గూడు అల్లుకుంటున్న గిజిగాడు వాడి ఏడుపు వినలేక కిందికి దిగింది. రెల్లు ఎలా మెలిపెట్టాలో, ముడి ఎలా వేయాలో చూపించింది. మొదట అల్లిన తెప్ప ఒడ్డునే విడిపోయింది. రెండోది మోకాలి లోతులో మునిగింది. మూడోది తేలింది. చిలక పొడవకుండా వదిలేసిన చేతులు కదా, అందుకే నేర్చుకోగలిగాయి. వెళ్ళేముందు గిజిగాడు రహస్యం చెప్పింది. మాంత్రికుడి ప్రాణం ఆ చిలకలోనే ఉంది. చిలక చస్తే వాడు చస్తాడు, జనం చేతులకి మళ్ళీ నేర్పు పట్టుబడుతుంది. కానీ చిలక మింగిన పనితనం మాత్రం దానితోపాటే చస్తుంది.

పుండరీకుడు ఏడు సముద్రాలూ దాటాడు. తెప్ప తెగినచోటల్లా ముడేసుకున్నాడు. అలిసిపోయినప్పుడు ఒక ముసలి తాబేలు వీపుతో నెట్టింది. అవతల మాంత్రికుడి మేడ. వాడు వీడి చేతులు చూసి ఆశ్చర్యపోయాడు. ఇందులోకి పని ఎప్పుడొచ్చింది, నాకిచ్చెయ్ అన్నాడు. పుండరీకుడు బంగారం వద్దన్నాడు. మాంత్రికుడు నవ్వాడు.

"సరే, నీ పని ఇయ్యి. ఆ నేతపిల్ల పని ఆ పిల్లకి ఇచ్చేస్తా. ఆ ఒక్కదానికే."

పుండరీకుడు చెయ్యి చాపబోయాడు. మాణిక్యాలు అడిగింది అదే కదా. అంతలో ఉడకని బియ్యం గుర్తొచ్చింది. పాట రాని తల్లి ఒళ్ళో ఏడ్చే పసివాడు గుర్తొచ్చాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, బేరమన్నాక సరుకు చూసుకోవాలి కదా, అల్లి చూపిస్తాను అన్నాడు. నార తీసి మెల్లగా అల్లుతున్నాడు. కొత్త పని చూస్తే చిలకకి ఆగదు. దగ్గరికొచ్చి, వంగి, అల్లికలో తల పెట్టింది. అది ఉచ్చు.

దాని గొంతులోంచి అప్పుడొక చప్పుడు వినిపించింది. టకటక, టకటక. మాణిక్యాలు మగ్గం చప్పుడు. రోజూ వాకిట్లో కూర్చుని విన్నదే. పుండరీకుడు కళ్ళు మూసుకుని ముడి లాగాడు.

మాంత్రికుడు అక్కడే కుప్పకూలాడు. చప్పుడూ ఆగిపోయింది.

ఇంటికొచ్చేసరికి రాజు బతికి లేడు. ఊళ్ళో సగం ఇళ్ళకి తలుపులు వేసున్నాయి. మాణిక్యాలు ఎదురొచ్చి రెండు చేతులూ చాపింది. దాచడం వాడికి చేతకాలేదు.

"నీ పని రాదు మాణిక్యాలూ. నేనే చంపేశాను. మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి."

మూడు రోజులు ఆ పిల్ల మగ్గం వైపే పోలేదు. నాలుగో రోజు మగ్గం ముందు కూర్చుంది. పోగు తెగింది. మళ్ళీ తెగింది. మళ్ళీ తెగింది. తెగిన ప్రతిసారీ పుండరీకుడు పక్కన కూర్చుని ముడేశాడు. వాడికొచ్చిన పని అదొక్కటే. అప్పట్లో మూడు నెలల్లో దిగే చీరకి మూడేళ్ళు పట్టింది. హంసకి మెడ బెండకాయలా వచ్చింది. నవ్వకండి, నవ్వొద్దని ముందే చెప్పాను. ఆ మూడేళ్ళలో ఊళ్ళో మొదటి కుండ కారింది, మొదటి పంట మూడొంతులు ఎండిపోయింది. అయినా ఎవరింట్లోనో ఒక తల్లి శ్రుతి లేకుండా జోలపాట మొదలెట్టింది.

చీర మగ్గం దిగింది, పెళ్ళి జరిగింది. పుండరీకుడు రాజై చాలాకాలం ఏలాడు, జనం తిండికి లోటు లేకుండా బతికారు. మాణిక్యాలుకి మళ్ళీ నేత వచ్చింది. బాగానే వచ్చింది. కానీ ఆ మొదటి సగంలా ఇంకెప్పుడూ రాలేదు. ఏటా పెళ్ళిరోజున ఆ చీరే కట్టేది. మంచి సగమంతా కుచ్చిళ్ళలోకి మడిచి దోపేసి, వంకర సగం పైటగా వేసుకునేది. రాజు ఆ కుచ్చిళ్ళవైపు చూడకుండా పక్కన కూర్చునేవాడు.

అంతే. కథ దాని ఇంటికి అది పోయింది. మీరు ఊఁ కొట్టింది చాలు గానీ, ఆ చేటలో చిక్కుళ్ళకి ఈనెలు తీయండి. సరిగ్గా రాకపోయినా తీయండి.